మరిదిగారి ముక్క పరీక్షతో కోనసీమలో తొమ్మిది రోజులు

కర్నూలు నుంచి కొత్తపేటకు నేను వెళ్ళడం ఇది పన్నెండోసారి. మొదటి పదకొండు సార్లూ పెళ్ళిళ్ళకు, పురుళ్ళకు, రెండుసార్లు చావులకు వెళ్ళాను. ఈసారి పని మీద వెళ్ళాను. తిరిగి వచ్చి రెండు వారాలైంది. అటువైపు చూడనివాళ్ళ కోసం, ఇలాంటి పని ముందుముందు పడబోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మా చెల్లెలు సుగుణ భర్త ఏసురత్నం గారికి ప్రోస్టేట్ గ్రంథిలో కేన్సరు ఉందని జనవరిలో ముక్క పరీక్షలో, అంటే బయాప్సీలో, తేలింది. కరెంటు పెట్టించుకోవాలి, అంటే రేడియేషను తీసుకోవాలి అన్నారు. అంతవరకు డాక్టర్లందరిదీ ఒకటే మాట. దానితోపాటు ఆరు నెలలు హార్మోను ఇంజక్షన్లు కూడా వేయాలా వద్దా అన్న దగ్గర మాత్రం ఒకరు వేయాలన్నారు, ఒకరు అక్కర్లేదన్నారు. మూడో డాక్టరమ్మ ముక్క ఫొటోలను కంప్యూటరుకు చూపిద్దామన్నారు.

సుగుణ ఫోన్లో చెప్పింది: "అదేదో ముక్కని చూసి ముందు ముందు ఏమవుద్దో చెబుద్దంటనే అక్కా. ఈయనేమో గుమ్మం దాటట్లేదు. నువ్వొస్తే గాని కదలరు."

నాకు డెబ్బయ్ మూడేళ్ళు నిండాయి. కర్నూలు మున్సిపాలిటీలో ముప్పయ్ ఒక్క ఏళ్ళు జనన మరణాల రిజిస్టరు రాశాను. ముందు ఏమవుతుందో చెప్పే యంత్రం మాట వినగానే, చూసి రావాలనిపించింది.

జొన్నాడ

ఫిబ్రవరి 3, సోమవారం. రాజమండ్రిలో రైలు దిగి అమలాపురం బస్సెక్కాను. జొన్నాడ దగ్గర టైరు పంక్చరై ముప్పావు గంట ఆగిపోయాం. రోడ్డు పక్కన కొబ్బరి బొండాల బండి ఉంది. ఒకటి ఇరవై రూపాయలు. కర్నూలులో నలభైకి తక్కువ ఇవ్వరు, అందులోనూ నీళ్ళు సగమే ఉంటాయి.

బొండాలు కొట్టే ఆవిడ అడిగింది: "ఏ ఊరండీ?"

"కర్నూలు."

"అమ్మో, అక్కడ నీళ్ళుండవంట కదండీ."

"తుంగభద్ర మా ఊరి పక్కనే పారుతుందమ్మా."

"అయితే ఉన్నాయన్నమాటండి. ఆయ్." అని నా మాట నమ్మినట్టు తల ఊపి, రెండో బొండం అడక్కుండానే కొట్టింది. దానికి డబ్బు తీసుకోలేదు. నీళ్ళు లేని ఊరి నుంచి వచ్చిన మనిషినని జాలిపడిందనుకుంటాను.

అదే బస్సులో ఒకాయన తేగల కట్టలు తీసుకెళుతున్నాడు. ఉడకబెట్టిన తేగను చీల్చి, మధ్యలో చందమామ అనే లేత మొలక తీసి ఎలా తినాలో చూపించాడు. మా వైపు తాటిచెట్లు ఉన్నా తేగల కోసం టెంకలు పాతిపెట్టే ఓపిక ఎవరికీ లేదు. వంతెన మీద నుంచి చూస్తే గోదావరి సన్నబడి ఇసుక మేటలు తేలాయి. అవతల ఎటు చూసినా దాళ్వా, అంటే రెండో పంట, వరి నాట్లు, మడి మడికీ గట్లు గీసిపెట్టినట్టున్నాయి. సంచిలో నుంచి పుస్తకం తీసి టైరు మార్చిన సమయం రాసుకున్నాను. కండక్టరు చూసి, "కంప్లైంటాండీ?" అన్నాడు. కాదన్నా అతని మొహంలో అనుమానం పోలేదు.

కొత్తపేట

మా మరిదిగారు పొడగరి. జుట్టుకూ మీసానికీ నల్లరంగు వేస్తారు. పదిహేడేళ్ళు కువైట్‌లో డ్రైవరుగా చేసి 2013లో వచ్చేశారు. ఇప్పుడు చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆయనే. గేటు దగ్గరే ఎదురొచ్చారు.

"రండి వదినగారూ. మా ఆవిడ తవర్ని పోలీసు డ్యూటీ మీద పిలిపించిందండి."

"మీరు పారిపోకుండానా?"

"పారిపోడానికి ఇప్పుడు వీసా ఎవడిస్తాడండి!"

సుగుణ చేపల పులుసు, పనసపొట్టు కూర వండింది. పెళ్ళయి నలభై అయిదేళ్ళు దాటింది కనుక దాని నోట కర్నూలు మాట ఒక్కటీ మిగల్లేదు. మేము మొగుణ్ణి పేరు పెట్టి పిలవకపోయినా నువ్వు అనే అంటాం. ఇక్కడ కోపం వచ్చినప్పుడు కూడా అండీ వదలరు. 'మీకు బుద్ధుందాండీ' అని నా చెల్లెలు ఆయన్ని అడగడం ఆ తొమ్మిది రోజుల్లో నాలుగుసార్లు విన్నాను.

భోజనమయ్యాక ముక్కలు చూపించమన్నాను. రాజమండ్రి ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన గాజు పలకలను బిస్కెట్ డబ్బాలో పెట్టి, బీరువాలో పట్టుచీరల మధ్య దాచింది. పన్నెండు పలకలు, ఒక్కొక్కటి వేలెడు పొడవు. గ్రంథిలో పన్నెండు చోట్ల సూది దింపి తీసిన ముక్కలను పల్చగా కోసి, రంగు వేసి గాజుకు అంటించారు. చూడటానికి ఊదారంగు దారప్పోగుల్లా ఉన్నాయి.

"మొన్న ఇవి మరకలనుకుని తడిబట్ట తెచ్చేనే అక్కా. తుడిచేద్దునే. ఈయన కేకేసేరు కాబట్టి సరిపోయింది."

"నా ప్రాణం సబ్బు పెట్టి కడిగేస్తానందండి" అన్నారాయన.

రిపోర్టు చదివాను. పన్నెండింటిలో నాలుగు పోగుల్లో జబ్బు ఉంది. దాని తీవ్రతను 3+4=7 అని వేశారు. ఎక్కువ భాగం ఏ రకంగా ఉందో ఆ అంకె ముందు, తక్కువ భాగానిది తర్వాత వేస్తారు. అందువల్ల మనకు బళ్ళో నేర్పినట్టు 3+4, 4+3 ఇక్కడ ఒకటి కావు. రెండూ ఏడే అయినా రెండోది పెద్ద జబ్బు. కూడికలో వరస మారితే మొత్తం మారదని నమ్మి ఇంతకాలం బతికినదాన్ని.

ఇంజక్షన్లంటే మరిదిగారికి ఉన్న భయం ఆ పూటే తెలిసింది.

"మా వీధి చివరాయనకి వేసేరండి. రోజుకి పదిసార్లు ఒళ్ళంతా ఆవిర్లొచ్చేసి, చెమటలు కారిపోయి, బనీను పిండుకుంటున్నాడండి. ఓపిక లేదు, దేనిమీదా మనసు లేదు. మీసం కూడా పల్చబడిందంటున్నారు. అవసరం లేకుండా నాకెందుకండీ ఆ బాధ?"

పళ్ళేలు తీస్తున్న సుగుణ ఆగింది. "ఆవిర్లా? మేం ఆడోళ్ళం పదేళ్ళు పడ్డామండి. ఇలా ఎవరైనా సభ పెట్టి అడిగేరా మమ్మల్ని?"

ఆయన నవ్వారు గాని, భయం నిజమైనదే. అవసరమైతే వేయించుకుంటారా అని అడిగాను. అవసరమని తేలితే అప్పుడు చూద్దామన్నారు.

అమలాపురం

ఫిబ్రవరి 5, బుధవారం. పలకల డబ్బా నా ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. దారిలో ఎక్కిన ఒకావిడ రొయ్యల గంపను నా సంచి మీద ఆనించింది. లోపల గాజు ఉందని చెప్పాను.

"గాజులాండీ? పెళ్ళికాండీ?"

"కాదమ్మా, మా మరిదిగారి ముక్క పరీక్ష."

ఆవిడ గంపను వెంటనే తన నెత్తి మీద పెట్టుకుని, అమలాపురం వరకు అలాగే నిలబడింది. నేను ఎంత చెప్పినా దించలేదు. ఏసురత్నం గారు తన సీటు ఇవ్వబోతే, "వద్దండి బాబూ, మీరు కూర్చోండి, ఒంట్లో బాగోని మనిషి" అంది. ఆ మాటకు ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు.

లేబరేటరీ ఒక మేడ మీద ఉంది. అక్కడి టెక్నీషియన్ పేరు వీర్రాజు. పలకలను ఒక్కొక్కటే యంత్రంలో పెడితే, అది ఫొటో తీసి తెర మీద చూపించింది. వేలెడు గాజు మీది పోగు తెర మీద ఎకరాలకు ఎకరాలైంది. గులాబి, ఊదా రంగుల్లో గుండ్రటి గదులు, వాటి చుట్టూ గోడలు.

"ఇదిగోండి, ఇక్కడ బాగుందండి. మన వరిమడుల్లాగా దేని గట్టు దానికి ఉంది కదండీ" అని వీర్రాజు ఇంకోచోటికి జరిపాడు. "ఇక్కడ గట్లు తెగిపోయేయి చూడండి. మడులన్నీ కలిసిపోయేయి. అదేనండి జబ్బు."

ఏసురత్నం గారు ముందుకు వంగి చాలాసేపు చూశారు. "నాలో ఇంత పొలం ఉందనుకోలేదండి" అన్నారు.

పలకల మీది నంబర్లను రిపోర్టులోని నంబర్లతో రెండుసార్లు సరిచూశాను. పన్నెండుకు పన్నెండు సరిపోయాయి. అది పూర్తి చేసుకుని, దిబ్బరొట్టె తిందామని కిందికి దిగాను. మినప్పిండితో అరచేతి మందాన కాల్చి, బెల్లం పాకంతో ఇస్తారు. మా బొరుగుల ఉగ్గాని బజ్జీకి ఇది సాటి రాదని అక్కడ అనలేదు, ఇక్కడ అంటున్నాను. నేను తింటున్న ఆ పావుగంటలోనే పైన వీర్రాజు ఆధార్ కార్డు చూసి ఫారం నింపాడు, మరిదిగారు సంతకం పెట్టారు. ఆ ఫారం నేను చదవలేదు. పలకల నంబర్లు రెండుసార్లు చూసినదాన్ని, మనిషి వివరాలు ఒక్కసారీ చూడలేదు. తప్పు నాదే.

కంప్యూటరుకు చూపిద్దామన్న డాక్టరమ్మ సోమ, బుధ, శుక్రవారాల్లో రాజమండ్రి నుంచి ఆ పక్కనే ఉన్న ఆసుపత్రికి వస్తారు. ముప్పయ్ అయిదేళ్ళు ఉంటాయేమో. నేను అడిగినవాటికి విసుక్కోకుండా జవాబు చెప్పారు.

"ఇది జోస్యం కాదు కదమ్మా?"

"కాదండి. వేలమంది ముక్కల ఫొటోలు ముందు దీనికి చూపించేరండి. ఒక్కొక్కరికీ ఏ వైద్యం చేసేరు, తర్వాత ఏమైంది, జబ్బు ఎముకలకి పాకిందా, ఎన్నేళ్ళు బతికేరు, అన్నీ చెప్పేరు. అందులోంచి అది పోలికలు పట్టుకుంది. మా కంటికి ఆననివి కూడా పట్టుకుంటది."

"అంటే జనన మరణాల రిజిస్టరు చదువుకుందన్నమాట."

ఆవిడ నవ్వారు. "అలాగే అనుకోండమ్మా. చదివిందాన్ని బట్టి, ఈయనకి ఇంజక్షన్ల వల్ల మేలుందా లేదా అని లెక్కేస్తది. ఒకటి మాత్రం చెప్పాలండి. అది నేర్చుకున్న ముక్కలు ఎక్కువ పరాయి దేశాలవాళ్ళవి. అందుకని అది చెప్పిందే వేదమని మేం అనుకోం. రిపోర్టు, మనిషి, అన్నీ చూసే చెబుతాం."

తనకు తెలియనిది ఏమిటో చెప్పగలిగే మనిషి దగ్గర పని నిలబడుతుంది. ఈవిడను నమ్మవచ్చని అప్పుడే అనుకున్నాను.

మళ్ళీ కొత్తపేట

ఫిబ్రవరి 7, శుక్రవారం మధ్యాహ్నం డాక్టరమ్మ ఫోను చేశారు. ఇంజక్షన్ల వల్ల పెద్ద మేలు కనిపించడం లేదట, కరెంటు ఒక్కటే చాలవచ్చట. సుగుణ కళ్ళు తుడుచుకుని పాయసం పెట్టింది. మరిదిగారు వీధి చివరాయనకు కూడా గ్లాసుడు పంపించారు.

రిపోర్టు ఫోనులో వచ్చింది. నాకు కాగితం మీద చదివితేనే ఎక్కుతుంది. బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో తీయించుకుని, అక్కడే బల్ల మీద కూర్చుని మొదటి నుంచి చదివాను. రెండో వరసలో ఉంది: పుట్టిన తేదీ 1-7-1961, వయసు 63.

ఇంటికి వచ్చి పాయసం గ్లాసు పక్కన పెట్టి అడిగాను. "ఏసురత్నం గారూ, మీ పెళ్ళి ఎప్పుడయింది?"

"అదేంటండీ వదినగారూ, తవరే కదండీ దగ్గరుండి చేసేరు. డెబ్బయ్ తొమ్మిది మే పదిహేడండి."

"ఈ కాగితం ప్రకారం ఆ రోజుకు మీకు పదిహేడేళ్ళు. మా చెల్లెలు పుట్టింది యాభై ఏడులో. మీకంటే నాలుగేళ్ళు పెద్దది. మా నాన్న పదిహేడేళ్ళ పిల్లాడికి ఇరవై ఒక్కేళ్ళ పిల్లనిచ్చాడా?"

సుగుణ అంది: "అది పాస్‌పోర్టు వయసే అక్కా."

1996లో కువైట్ వెళ్ళేటప్పుడు ముప్పయ్ అయిదు దాటితే డ్రైవరు వీసా రాదని ఏజెంటు అన్నాడట. ఈయనకు అప్పటికే నలభై దాటాయి. ఏజెంటు ముప్పయ్ అయిదే రాసేశాడు. ఆ వీధి నుంచి ఆ విడతలో వెళ్ళిన నలుగురికీ జులై ఒకటే వేశాడు. అంటే ఆ వీధిలో నలుగురు ఒకే రోజున పుట్టారు. తర్వాత పాస్‌పోర్టును బట్టి రేషను కార్డు, దాన్నిబట్టి ఆధార్ వచ్చాయి. ఎవరడిగినా ఆ వయసే చెప్పి చెప్పి ఇంట్లో అందరికీ అదే అలవాటైపోయింది. దొంగతనం చేసినట్టు కాదు, కొత్త చొక్కా వేసుకున్నట్టు ఏడేళ్ళు తగ్గించుకుని ఇరవై తొమ్మిదేళ్ళు తిరిగారు.

"వాళ్ళు వయసు కూడా కంప్యూటరుకు ఇచ్చారు" అన్నాను. "డాక్టరమ్మకు చెప్పాలి."

సుగుణ నా రెండు చేతులూ పట్టుకుంది. "దణ్ణం పెడతానే అక్కా. మంచి మాటొచ్చింది. ఆయన ఇవాళ కడుపునిండా అన్నం తిన్నారు, నెల తర్వాత. మళ్ళీ అడిగితే అదేం చెబుద్దో ఏంటో. వదిలెయ్యవే."

"మంచి మాటే సుగుణా. కానీ అది అరవై మూడేళ్ళ మనిషికి చెప్పింది. ఆ మనిషి మనింట్లో లేడు."

"ఏడేళ్ళకే మారిపోద్దా?"

"మారకపోవచ్చు. మారకపోతే ఇదే పాయసం మళ్ళీ తాగుదాం."

ఏసురత్నం గారు లేచి పెరట్లోకి వెళ్ళారు. చాలాసేపు రాలేదు. వచ్చి నాతో అన్నారు: "పాస్‌పోర్టు కేసవుతుందేమోనండి."

వీర్రాజుకు ఫోన్ చేశాను. అతను, "మాకెందుకండీ కేసులు? కాకపోతే ఆధార్ మీద ఉన్నదే ఎక్కించాలండి మేం. మార్చాలంటే ఏదో ఒక కాగితం చూపించాలండి" అన్నాడు.

అసలు తేదీ ఏమిటని అడిగితే ఆయనకే తెలియదు. నాట్లప్పుడు పుట్టావని వాళ్ళ అమ్మ అనేదట. బడి కాగితాలు ఎప్పుడో పోయాయి.

"బాప్తిస్మం ఎక్కడ ఇచ్చారు?" అన్నాను.

సుగుణ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం వడ్డించింది.

రాజోలు వైపు

ఫిబ్రవరి 8, శనివారం. నేనూ మరిదిగారూ బయల్దేరాం. అమలాపురంలో బస్సు మారి, గోదావరి పాయ వైనతేయ మీది వంతెన దాటాం. నగరం అనే ఊరి దగ్గర పొలాల్లో, గ్యాసు గొట్టం వెళ్ళే దారి పొడవునా, తవ్వవద్దని హెచ్చరిక బోర్డులున్నాయి. పక్కనే గేదెలు మేస్తున్నాయి. రాజోలులో దిగి ఆటోలో ఆయన పుట్టిన ఊరి చర్చికి వెళ్ళాం. దారి పొడవునా కువైట్ డబ్బుతో కట్టిన మేడలు, ఎక్కువ వాటికి తాళాలు.

చర్చి ఆవరణ ఊడుస్తున్న ముసలాయన చీపురు వదిలేసి వచ్చాడు. పేరు దానయ్య. మరిదిగారితో కలిసి చదువుకున్నవాడు.

"ఒరే రత్నం! మీసానికి ఆ బొగ్గేంట్రా?"

"బొగ్గు కాదురా, ఒరిజినల్."

"నా ముందా? నువ్వు నాకంటే ఏడాది పెద్దోడివి. కువైట్ వెళ్ళొచ్చి ఆరేళ్ళు చిన్నోడివయ్యేవు. నేనూ వెళ్ళాల్సిందిరా, ఈపాటికి పెళ్ళికొడుకునయ్యేవోణ్ణి."

పాస్టరుగారిని ఇక్కడ అయ్యగారు అంటారు. పని చెప్పగానే బీరువాలో నుంచి గుడ్డలో చుట్టిన రిజిస్టర్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. అంచులను చెదలు తిన్నాయి గాని, సిరా చెదరలేదు. నేను 1953 నుంచి మొదలుపెట్టాను. ఇంకొకరు రాసిన రిజిస్టరు చదవడం ఎప్పుడూ తృప్తిగా ఉంటుంది. ఇది రాసినాయన ఎవరో గాని ఒక్క గడి ఖాళీ వదల్లేదు.

1954లో, ముప్పయ్ ఒకటో వరసలో దొరికింది. ఏసురత్నం. పుట్టిన తేదీ ఆగస్టు 19. బాప్తిస్మం సెప్టెంబరు 26. వారం లెక్కకట్టి చూశాను, ఆదివారమే. తండ్రి పేరు, వృత్తి: పాలేరు. చివరి గడిలో తండ్రి వేలిముద్ర.

మరిదిగారు తన పుట్టిన తేదీ చూడలేదు. ఆ వేలిముద్ర మీదే చూపు నిలిపారు.

"మా నాన్న ఫొటో లేదండి. ఒక్కటీ లేదు" అన్నారు. "ఇది ఇక్కడుందని నాకు తెలీదు."

అయ్యగారు రిజిస్టరును ఆయన వైపు జరిపారు. తర్వాత సర్టిఫికెట్ రాసి ముద్ర వేశారు. తేదీని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయమని అడిగాను. రాశారు. మా కర్నూలులో చర్చికి కొత్తవాళ్ళు వస్తే టీ ఇస్తారు. ఇక్కడ అన్నం తినందే గేటు దాటనివ్వరు. అయ్యగారి భార్య అరటిదూట కూర, మామిడికాయ పప్పు వడ్డించారు. దానయ్య కూడా మాతోనే కూర్చుని, చిన్నప్పుడు మరిదిగారు ఎవరి తోటలో కొబ్బరికాయలు దింపారో పేర్లతో సహా చెప్పాడు.

తిరుగు బస్సులో ఆయనే మాట ఎత్తారు. "వదినగారండీ, అది ఇంజక్షన్లు వెయ్యాలంటే?"

"అంటే మీరు, డాక్టరమ్మ మాట్లాడుకుంటారు. నేను వేయించుకోమని చెప్పను. నిజం వయసు చెప్పమని మాత్రం చెబుతాను."

"మరేనండి" అన్నారు.

మళ్ళీ అమలాపురం

ఫిబ్రవరి 10, సోమవారం. ఈసారి సుగుణ కూడా వచ్చింది. డాక్టరమ్మ సర్టిఫికెట్ చదివి, మరిదిగారి మొహం వైపు చూశారు. ఆయన తల దించుకున్నారు.

"పాస్‌పోర్టుతో మాకు పని లేదండి" అన్నారావిడ. "మీ ఒంటికి ఎన్నేళ్ళో అదే కావాలి. చెప్పేరు, మంచిపని చేసేరు."

ఫొటోలు అక్కడే ఉన్నాయి కనుక మళ్ళీ తీయనక్కర్లేదు. వయసు మార్చి పంపారు. నా గడియారంలో ఇరవై రెండు నిమిషాలు పట్టింది. సుగుణ ఆ ఇరవై రెండు నిమిషాలూ కళ్ళు మూసుకుని కూర్చుంది.

డాక్టరమ్మ తెరను మావైపు తిప్పారు. అడ్డంగా ఒక గీత. శుక్రవారం నాటి చుక్క ఆ గీతకు ఆనుకుని దిగువన ఉంది. ఇవాళ్టి చుక్క ఆనుకునే ఎగువన ఉంది. అంకె ఎంతో అడిగి రాసుకున్నాను, అది ఆయన సొంతం కనుక ఇక్కడ రాయను.

"ముక్కలో మార్పు లేదండి" అన్నారావిడ. "దీంట్లో ఎక్కువ బరువు ఫొటోదే. కానీ ఫొటోతోపాటు రక్త పరీక్ష, డాక్టరు వేలితో తడిమి చేసిన పరీక్ష, వయసు కూడా చూస్తది. మీరు ముందే గీత పక్కన ఉన్నారు. వయసు కొంచెం తోసింది, ఇటు పడ్డారు. ఇప్పుడు ఇంజక్షన్ల వల్ల మేలుంటదనే చెబుతోంది."

"గీతకు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు అటో ఇటో ఎలా నమ్మడం?" అన్నాను.

"మంచి ప్రశ్నండి. దీన్ని ఒక్కదాన్నే అయితే నమ్మను. మీ గుండె పరీక్ష బాగుంది, ఎముకలు గట్టిగా ఉన్నాయి, ఆరు నెలలు తట్టుకోగలరు. నా అభిప్రాయం కూడా వెయ్యాలనే. నాకు మొదటి నుంచీ సగం మనసు వెయ్యాలనే ఉంది, ఇది మిగతా సగాన్నీ ఒప్పించింది. కానీ ఒళ్ళు మీది. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

సుగుణ నావైపు చూసింది. కోపమో, మరేమిటో తెలియలేదు. అప్పుడు భర్త వైపు తిరిగి, "మీ ఇష్టమండి. ఆవిర్లొస్తే విసనకర్ర నేను పట్టుకుంటాను" అంది.

ఏసురత్నం గారు తెర మీది చుక్కను చూస్తున్నారు.

"మీసం ఊడిపోద్దాండీ?" అని డాక్టరమ్మను అడిగారు.

"ఊడదండి. కాస్త పల్చబడొచ్చు."

"గొంతు మారుద్దా? ఆదివారం పాటలు నేనే ఎత్తాలండి."

"గొంతుకేం కాదండి."

"ఆవిర్లు?"

"వస్తాయండి. ఆరు నెలలయ్యేక మెల్లిగా తగ్గిపోతాయి."

ఆయన అన్నారు: "అయితే ఇవాళే వేసెయ్యండి. ఇంటికెళ్తే మళ్ళీ చిన్నోణ్ణైపోతానేమో."

డాక్టరమ్మ నవ్వి చీటీ రాశారు. ఇవాళ ఒకటి, తర్వాత నెలకొకటి చొప్పున మొత్తం ఆరు. రెండు నెలలు గడిచాక రాజమండ్రిలో కరెంటు మొదలుపెడతారు.

ఇంజక్షను గది ముందు బెంచీ మీద పదిమంది దాకా ఉన్నారు. నర్సు చేతిలో పాత ఫైలే ఉంది. తలుపు దగ్గర నిలబడి పిలిచింది: "ఏసురత్నం గారు ఎవరండీ? అరవై మూడేళ్ళాయన?"

నేను లేవబోయాను. సుగుణ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

మరిదిగారు లేచి నిలబడ్డారు. చర్చిలో పాట ఎత్తుకునే గొంతుతో, బెంచీ మీద అందరూ వినేటట్టు చెప్పారు: "అరవై మూడు కాదండి. డెబ్బయ్. ఆగస్టు పంతొమ్మిదికి డెబ్బయ్యొకటి వస్తాయి."

నర్సు పెన్ను తీసి ఫైలు మీద అంకె కొట్టేసి, కొత్తది వేసింది. ఆయన చొక్కా గుండీ విప్పుకుంటూ లోపలికి వెళ్ళారు.